గోడ ఏటంటంది?

అప్ప పోయింది. గోడ మీద పడి పోయింది.

ఈ రెండో మాట నేను కార్డు మీద చదివి పదకొండు రోజులైంది. ఇప్పటికీ నోటికి రావడం లేదు. జ్వరం వచ్చి పోయిందంటే నమ్మేదాన్ని. గెడ్డ దాటుతూ కొట్టుకుపోయిందన్నా ఏడ్చి ఊరుకునేదాన్నేమో. గోడేమిటి? అప్ప మీదేమిటి? ఏ ఇంటి గోడ ఎన్ని వానలకి ఓర్చుకుంటుందో వేలి కణుపుతో తట్టి చెప్పే మనిషి మీద గోడ పడడమేమిటి! కార్డు రాసినాయన అప్ప వాళ్ళ ఊరి బడి మాస్టారు. ఎవరి సంగతో రాయబోయి ఆవిడ సంగతి రాసేశారనుకున్నాను. కార్డు తిరగేసి అడ్రసు కూడా చూశాను, ఇది మా ఇంటికేనా అని.

ఈ శీర్షికలో ఆరేళ్ళుగా మీకు ఇంటి చిట్కాలు రాస్తున్నాను. ఈ వారం వాటి బదులు అప్ప గురించి రాస్తాను. చివర్లో మాత్రం ఒక చిట్కా ఉంది. అది చదవకుండా దయచేసి పేజీ తిప్పకండి.

"మీకివన్నీ ఎలా తెలుసమ్మా?" అని ఎంతమందో ఉత్తరాలు రాశారు. నేను ఒక్కరికీ సరైన జవాబివ్వలేదు. ఏదో పెద్దవాళ్ళ దగ్గర విన్నవండీ అని తప్పించుకున్నాను. సిగ్గుగా ఉంది. అవన్నీ అప్పవి. చిక్కుడు గింజలు పుచ్చకుండా బూడిద కలిపి దాచడం అప్పది. పాచి పట్టిన మెట్టు రాయిని ఇసకా బూడిదా కలిపి రుద్దడం అప్పది. మంచాన్ని గోడకి ఆనించకుండా బెత్తెడు జాగా వదలడం అప్పది. ఎముకలు కొరికే చలిలో ఏటి రాయిని పొయ్యి పక్కన వెచ్చబెట్టి, గోనెపట్టాలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకోవడం, దానికైతే మీరు పొగడ్తల మీద పొగడ్తలు రాశారు, అదీ అప్పదే. ఇన్నేళ్ళలో నా సొంత బుర్రతో మీకు చెప్పిన చిట్కా ఒక్కటే ఒక్కటి.

డెబ్బైల మొదట్లో మా ఆయనకి అరకు బదిలీ అయింది. క్వార్టర్లు ఖాళీ లేక, డుంబ్రిగుడ వెళ్ళే దారిలో ఒక చిన్న ఊళ్ళో మట్టిగోడల పెంకుటింట్లో దిగాం. విజయనగరంలో మిద్దె ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. ఆ ఇల్లు చూసి మొదటి రోజే ఏడ్చాను. గోడకీ పైకప్పుకీ మధ్య జానెడు సందు. అందులోంచి మంచు పొగలు పొగలుగా లోపలికొచ్చేది. నేనేం తక్కువ తిన్నానా, మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే పాత గోనెసంచులు చింపి, చుట్టూ ఆ సందంతా కూరి పడేశాను. గర్వంగా పొయ్యి వెలిగించాను. పావుగంటలో దగ్గుతూ, కళ్ళూ ముక్కూ కారుతూ వాకిట్లో పడ్డాను.

ఎదురింటి అరుగు మీంచి ఒకావిడ లేచి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ముక్కుకి రెండు పక్కలా కాడల్లాంటి పుడకలు, మోకాళ్ళ దాకా కట్టిన చీర. నన్ను పలకరించలేదు. సరాసరి లోపలికెళ్ళి, మా రోలెక్కి, గోనెలన్నీ పీకి కింద పారేసింది. తర్వాత బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటమ్మగోరూ, ఇంటి ముక్కు మూసేసినారు? ఇల్లు ఊపిరెలా తీత్తాది?"

"చలొస్తోంది మరి!" అన్నాను ఉక్రోషంగా.

"సలేత్తే కప్పుకో. పొగ పట్టేత్తే ఏటి కప్పుకుంటావు?"

అమ్మగోరు దగ్గర మొదలెట్టి రెండో మాటకే నువ్వులోకి దిగిపోయింది. ఆ సాయంత్రానికి నేను గుంటని, అంటే పిల్లని. ఆ పిలుపు మరి మారలేదు. నాకు జుట్టు నెరిసినా ఆవిడకి గుంటనే. మావైపు అక్కని అప్ప అంటాం కాబట్టి నేను అప్పా అన్నాను. వాళ్ళింట్లో మాట్లాడుకునే మాట వేరు, ఒడియా కలిసిన మాట. నాతో మాత్రం సంతలో నేర్చిన తెలుగు. ఆ తెలుగుతో నన్ను తిట్టడానికి ఆవిడకి ఎప్పుడూ మాటలు తక్కువ కాలేదు.

ఎవరింట్లో అడుగుపెట్టినా అప్ప ముందు మనుషుల్ని పలకరించదు, గోడని పలకరిస్తుంది. అరచెయ్యి ఆనించి, తర్వాత కణుపుతో రెండు దెబ్బలు వేసి, చెవి దగ్గర పెట్టి, "గోడ ఏటంటంది?" అని తనలో తనే అనుకునేది. పొడిగా ఉన్న మట్టిగోడ టక్కుమంటుంది. నీళ్ళు తాగిన గోడ దబ్బుమంటుంది. దబ్బుమంటే వెంటనే బయటకెళ్ళి చూరు కింద కాలువ పూడిపోయిందా, గోడ మొదట్లో మట్టి కోసుకుపోయిందా అని చూసేది. ఇదంతా అయ్యాకే, "పిల్లలు తిన్నారా?" ఒకసారి నాకు ఒళ్ళు మండి, "మేం బతికున్నామో లేదో ముందు చూడొచ్చు కదా" అన్నాను. "గోడ బాగుంటే మీరు బాగుంటారు, మీకేటి" అంది.

పంటలింటికొచ్చాక ఏటా గోడలు అలికేది. ఎర్రమట్టి, పేడ, సన్నగా తరిగిన గడ్డి వేసి రెండు రోజులు నానబెట్టి, కాళ్ళతో తొక్కి, చేత్తో గోడకి వంపులు వంపులుగా తీసేది. చిన్నప్పుడెప్పుడో కత్తి తగిలి ఆవిడ కుడి చిటికెన వేలు మడతపడిపోయింది, చాపడానికి రాదు. అందుకని మిగతా ఆడవాళ్ళు అలికితే ఐదు గీతలు పడతాయి, అప్ప అలికితే నాలుగే. ఊళ్ళో ఏ గోడ ఆవిడ అలికిందో దూరం నుంచే తెలిసిపోయేది. మా ఇల్లు కూడా ఆవిడే అలికేది. నేనూ సాయం చేస్తానని ఒక మూల అలికితే చూసి, "గోడకి గజ్జొచ్చినట్టుంది, ఒగ్గేయ్ గుంటా" అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మళ్ళీ ఆ మూలంతా తనే సవరించింది.

తొమ్మిదేళ్ళున్నాం అక్కడ. మా రెండో కాన్పు ఆ ఇంట్లోనే, ఆవిడ చేతుల మీదే జరిగింది. బదిలీ అయి విజయనగరం వెళ్ళిపోవాల్సి వచ్చినప్పుడు ఆవిడకి ఏదైనా పెద్దది ఇవ్వాలని నాకు పట్టుకుంది. చీర పెడితే, "ఉన్నాయి కదే" అని తిప్పి పంపేసింది. ఆవిడకి అప్పటికే అరవై దగ్గరపడ్డాయి. ఏటా వానకి గోడల అడుగుభాగం చివికిపోవడం, ఏటా ఒంగుని మళ్ళీ అలకడం, అలికాక నడుం పట్టుకుని అరుగు మీద కూలబడడం చూస్తూనే ఉన్నాను. అప్పుడు తట్టింది నాకు, సిమెంటు! ఇంటి చుట్టూ బయటివైపు నేల నుంచి మూడడుగుల ఎత్తున సిమెంటు పూయించేస్తే ఇక బెంగేముంది? పర్మిట్ లేకుండా సిమెంటు దొరకని రోజులు. ఆయన ఎవరెవర్నో బతిమాలి రెండు బస్తాలు సంపాదించారు. కొండ కిందనుంచి మేస్త్రిని రప్పించాం. ఆ నాలుగు గీతల మీద పట్టు బాగా కుదురుతుందని అతను మట్టి చెక్కకుండానే పూసేశాడు.

అప్ప ఆ నున్నటి సిమెంటుని అరచేత్తో నిమిరింది. "సల్లగుంది" అంది. "దీనికి ఊపిరెటు గుంటా?" అని అడిగింది.

నేను నవ్వాను. తల్చుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది. "సిమెంటుకి ఊపిరేమిటప్పా! పట్నంలో మేడలన్నీ దీంతోనే కడతారు" అన్నాను. ఆవిడ ఊరివాళ్ళందరికీ, మా గుంట పూయించిందని తిప్పి తిప్పి చూపించింది.

ఆ తర్వాతే నేను ఈ శీర్షికలో రాశాను. 'మట్టిగోడల ఇళ్ళవారు అడుగున మూడడుగులు సిమెంటు పూయించుకుంటే ఏటా అలికే బాధ తప్పుతుంది' అని. గుర్తుందా? ఆ ఒక్కటే నా సొంత చిట్కా. చాలామంది బాగుందని రాశారు. మురిసిపోయాను.

పోయినేడు వేసవిలో చూడ్డానికి వెళ్ళాను. అప్ప నా ఎదురుగా తన గోడని తట్టింది. ఠంగుమంది. "ఈ గోడ ఎప్పుడడిగినా ఒకటే మాట సెప్తంది" అంది. అది మెప్పనుకున్నాను. "చూశావా, ఎంత గట్టిదో!" అన్నాను. నా మొహంలోకి చూసి నవ్వి, చోడి అంబలి కలపడానికి లోపలికెళ్ళిపోయింది.

కార్డు అందిన మర్నాడే ఎస్.కోట మీదుగా ఘాటు బస్సెక్కాను. దారి పొడుగునా, ఏదో పొరపాటై ఉంటుంది, దిగేసరికి అరుగు మీద కూర్చుని ఉంటుంది అనుకుంటూనే వెళ్ళాను. అరుగే లేదు. ఇంటి ముందుగోడంతా అరుగు మీద బోర్లా పడి ఉంది.

అప్ప కూతురు చెప్పింది. ఆరు రోజులు ముసురు పట్టిందిట. ఆరో రోజు పొద్దున్న కాస్త తెరిపిస్తే అప్ప వరసగా ఊళ్ళో గోడలన్నీ తట్టుకుంటూ వెళ్ళింది. చివరింటి గోడ దబ్బుమంది. ఆ ఇంటివాళ్ళని పిల్లాజెల్లాతో సహా అప్పటికప్పుడు బడిలోకి పంపేసింది. మధ్యాహ్నం ఆ గోడ పడింది. లోపల పురుగు కూడా లేదు. అందరూ అటు పరిగెత్తారు. అప్ప ఇంటికొచ్చి తన గోడనీ తట్టింది. ఠంగుమంది. సరేనని అరుగు మీద గోడకి చేరబడి చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. అంతే.

నేను ఆ మట్టిగుట్ట దగ్గర కూర్చున్నాను. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడినా, ఒక్కో పెచ్చూ గట్టిగానే ఉంది. దాని వెనక మట్టి చేత్తో ముట్టుకుంటే ముద్దలా ఊడి వచ్చేస్తోంది. పైనుంచి దిగిన నీరు, నేలలోంచి ఎక్కిన నీరు బయటికి పోయే దారి లేక, ఏళ్ళ తరబడి గోడని లోపల్లోపలే తినేసింది. పైకి మాత్రం ఎప్పుడడిగినా ఠంగుమంటూ అబద్ధం చెప్పింది. ముక్కు మూశాను నేను. మొదటి రోజు గోనెతో మూసినదాన్ని, వెళ్ళేటప్పుడు సిమెంటుతో మూశాను. ఈసారి పీకి పారేసేవాళ్ళు లేకపోయారు.

"నేనే చంపాను మీ అమ్మని" అన్నాను అప్ప కూతురితో. "తిట్టు నన్ను."

అది ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని చూసింది. "రెండేళ్ళకిందటే అడిగినాను పిన్నీ, ఈ సిమెంటు పీకేద్దామని. మా గుంట మోజు పడి ఇచ్చింది, ఉండనీ అంది మా అమ్మ" అంది.

ఆవిడకి అనుమానం ఉంది. ఉండి కూడా, నా మనసు కష్టపెట్టుకుంటానని ఉంచుకుంది.

"తిట్టి ఏటి సేత్తాను?" అంటూ అది లేచి, గునపం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంకా మూడు గోడలున్నాయి. బేగి రా, మళ్ళీ మబ్బేత్తంది."

ఊళ్ళోవాళ్ళు ఇంటి దూలాలకి వాసాలు ఆసరా పెట్టారు. సాయంత్రం దాకా ఇద్దరం ఆ మూడు గోడల సిమెంటూ ఊడబీకాం. నా చేతులు బొబ్బలెక్కాయి, ఎక్కనీ. సిమెంటు ఊడిన చోట వేలి కణుపుతో తట్టి చూశాను. దబ్బుమంది. ఇన్నేళ్ళుగా అప్పతో చెప్పాలని చూసిన మాట నాతో చెప్పింది.

ఇదీ ఈ వారం చిట్కా. నా మాట విని మట్టిగోడకి సిమెంటు పూయించుకున్నవాళ్ళు ఇవాళే, ఈ పత్రిక పక్కన పెట్టి, తెలిసిన మనిషిని పిలిచి కప్పుకి ఆసరా పెట్టించి, సిమెంటు తీయించెయ్యండి. గోడ పొట్టలా ఉబ్బి కనిపిస్తే ముందు పిల్లల్ని, పెద్దల్ని ఆ ఇంట్లోంచి పంపెయ్యండి. గోడని బాగా ఆరనివ్వండి. తర్వాత ఎర్రమట్టి, పేడ, గడ్డి కలిపి అలకండి. ఏటా అలకండి. నడుం నొప్పెడుతుంది, పెట్టనివ్వండి. మీ ఇరుగుపొరుగున చదువు రానివాళ్ళుంటే వెళ్ళి చెప్పండి. నా తప్పేనని నా పేరే చెప్పండి.

ఒక సిమెంటు పెచ్చు, పళ్ళెమంత ఉంటుంది, విరక్కుండా ఊడి వచ్చింది. చీరలో చుట్టి తెచ్చుకున్నాను. ఇది రాస్తుంటే నా బల్ల మీదే ఉంది. ముందువైపు ఏమీ లేదు, నున్నగా ఉంది. వెనక్కి తిప్పితే, సిమెంటు పూయకముందు అప్ప ఆఖరుసారి అలికిన గీతలు ఉబ్బెత్తుగా అచ్చుపడి ఉన్నాయి. నాలుగు గీతలు, ఒక వంపు. ఇందాక ఎడమ చిటికెన వేలు మడిచి, మిగతా నాలుగు వేళ్ళూ వాటి మీద ఆనించి చూశాను. అటునుంచి ఆవిడ చెయ్యి తగిలినట్టే ఉంది. నా చెయ్యి ఇంకా తియ్యలేదు.