ఫరో గుమ్మం ముందు పద్నాలుగు జతల చెప్పులు

ఒక మనిషి తన నోటి దురద కొద్దీ పదమూడు మందిని ఒక సమాధిలో ఇరికించి, పోలీసులను పరుగులు పెట్టించి, అరికాళ్ళు బొబ్బలెక్కించుకుని, చేతికి అందబోయిన పదవిని కూడా పోగొట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసా? నాకు తెలుసు. సుమారు గంటన్నర. ఆ ఘనుణ్ణి నేనే. జాలిపడడానికి తొందరపడకండి, మొత్తం చదివాక మీకే పడాలనిపించదు.

నాలుగేళ్ళ కిందటి మాట. మేము మస్కట్‌లో, వాడి కబీర్‌లో ఉంటాం. నా భార్య గ్రేస్ నర్సు. నేను రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీకి సేఫ్టీ సూపర్‌వైజర్‌ని. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా "హెల్మెట్ ఏదీ, షూ ఏవీ" అని అడిగినందుకు జీతం తీసుకుంటాను. షూ లేకుండా వచ్చినవాణ్ణి, వాడెంతటివాడైనా, గేటు దగ్గరే వెనక్కి పంపాలని నోటీసు పెట్టించింది నేనే. దాని కింద సంతకం కూడా నాదే. ఆ సంతకాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో ముందు ముందు పని ఉంది.

ఆ ఏడు మా తెలుగు క్రైస్తవ సహవాసంలో సెక్రటరీ పదవి ఖాళీ అయింది. ఇక్కడ ఆదివారం అందరికీ డ్యూటీ కాబట్టి మా ఆరాధన శుక్రవారం. సెక్రటరీ అంటే పెద్ద హోదా ఏమీ కాదు, కుర్చీలు వేయించాలి, ప్రకటనలు చదవాలి. కానీ వారం వారం మైకు చేతికొస్తుంది. ఆ మైకు కోసం నేనెంత కొట్టుకుపోయానో చెబితే నా మీద మీకున్న కాస్త మర్యాదా పోతుంది. పోటీలో దైవసహాయం ఒక్కడే ఉన్నాడు. అతను నోరు విప్పడు, వచ్చి కుర్చీలు వేసిపోతాడు. నేను కుర్చీల జోలికి పోను, మాట్లాడతాను. ఇద్దరిలో ఎవరు గొప్పో నాకు అనుమానమే లేదు.

మాకందరికీ పెద్ద సువార్తమ్మ సిస్టర్. పాలకొల్లు మనిషి, ముప్పై ఏళ్ళుగా మస్కట్‌లోనే నర్సు. ఆవిడ ఊ అంటే సహవాసమంతా ఊ అంటుంది. బక్రీద్ సెలవులకు ముందు ఒక శుక్రవారం, "రిటైరయ్యేలోగా మోషే పుట్టిన దేశం ఒక్కసారి చూడాలనుందర్రా. ఐగుప్తు వెళ్దామా? ఎవరు నడిపిస్తారు?" అని అడిగారు. ఆవిడ మాట పూర్తయ్యేసరికే నేను లేచి నిలబడి ఉన్నాను.

"నువ్వు ఎప్పుడైనా వెళ్ళావా బాబూ?"

"వెళ్ళలేదండి. వాక్యమంతా నోటికొచ్చు కదండీ, గైడు కూడా అక్కర్లేదు."

"సరే. ఎలా నడిపిస్తావో చూసి, తిరిగొచ్చాక సెక్రటరీ సంగతి తేల్చుదాం."

గ్రేస్ నా వంక చూసింది. పెళ్ళయిన పదేళ్ళలో ఆ చూపుకు అర్థం ఎప్పుడూ ఒకటే. నేను పట్టించుకోకపోవడమూ మామూలే.

డ్యూటీలు మార్చుకుని, పద్నాలుగు మందిమి విమానాలు మారి, చివరికి ఈజిప్టులో రాజుల లోయకు చేరాం. చెట్టూ చేమా లేని కొండలు. వాటిలోకి తొలిచిన గుహలు. ఒక్కో గుహ ఒక్కో ఫరో సమాధి. ఏది ఎవరిదో నాకేం తెలుసు? వరుస తక్కువగా ఉన్నదాన్ని చూపించి, "మోషేను తరిమిన ఫరో సమాధి ఇదే," అన్నాను.

"ఎవరు చెప్పారండీ?" అంది గ్రేస్.

"చరిత్ర."

"చరిత్రలో ఎక్కడ?"

"లోపల చెబుతాను, పద."

అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. అందరూ గుమ్మంలోకి అడుగు పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. "ఆగండి. చెప్పులు విప్పండి."

చెప్పుల విషయంలో నాకు అనుభవం తక్కువ కాదు. మా ఫ్లాటులో ఇంటి ప్రార్థన పెట్టినప్పుడల్లా వరండా నిండా చెప్పులు పడి పక్కవాళ్ళు గొడవ చేస్తుంటే, ఇరవై కిలోల బాస్మతి బియ్యం వచ్చే జిప్పు సంచిలో వాటన్నిటినీ వేసి గుమ్మం పక్కన పెట్టే పద్ధతి కనిపెట్టింది నేనే. అదే సంచిలో ఈ ప్రయాణానికి జంతికలూ నీళ్ళ సీసాలూ తెచ్చాను. జంతికలు అప్పటికే అయిపోయాయి.

"మిగతావాళ్ళంతా షూలతోనే వెళ్తున్నారు కదండీ," అంది గ్రేస్.

"వాళ్ళకు భయభక్తులు లేవు."

సువార్తమ్మ సిస్టర్ తన బూట్ల వంక చూసుకున్నారు. డాక్టరు చెప్పి చేయించిన మెత్తటి బూట్లు. "నాకు షుగరు బాబూ. ఉత్తికాళ్ళతో నడవొద్దని మా పేషెంట్లకు మేమే చెబుతాం."

"సిస్టర్, మండుతున్న పొద దగ్గర మోషే అంతటివాడే విప్పాడండి."

ఆ మాటకు ఆవిడ వంగి లేసులు విప్పుకున్నారు. కార్మికుడు షూ విప్పితే మెమో రాసి ఇచ్చే మనిషిని, అరవైకి దగ్గరైన షుగరు మనిషి చేత బూట్లు విప్పించి సంచిలో వేసుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. పద్నాలుగు జతలూ వేసి, జిప్పు లాగి, సంచిని గుమ్మం పక్కన పెట్టి లోపలికి నడిపించాను.

చెక్క మెట్లు దిగుతూ దిగుతూ కొండ కడుపులోకి వెళ్ళాం. గోడల నిండా రంగుల బొమ్మలు, నీలం కప్పు మీద నక్షత్రాలు. ఎంత అందంగా ఉన్నాయో చూసే తీరిక నాకెక్కడిది? నేను చెబుతున్నాను.

"ఇదిగో పాము. మోషే కర్ర ఇలాగే పామైంది. ఇవిగో ఈగలు, ఐగుప్తు మీద పడ్డ నాలుగో తెగులు."

"అది పేడపురుగు బాబూ," అన్నారు సిస్టర్. "మా ఊళ్ళో బోలెడు."

"ఐగుప్తులో ఈగలు అలాగే ఉంటాయండి."

చివరి గదిలో పెద్ద రాతి పెట్టె ఉంది, ఖాళీగా. "చూశారా, ఎర్రసముద్రంలో మునిగిపోయాడు, అందుకే శవం లేదు," అన్నాను.

"మునిగిపోతే మరి ఈ సమాధి ఎవరికండీ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ముందే కట్టించుకున్నాడు," అన్నాను. అది నిజమే కావచ్చు, కానీ తెలిసి చెప్పింది కాదు.

అంతలో పైనుంచి ఈలలు వినిపించాయి. అరుపులు, బూట్ల చప్పుడు. ఒక కాపలాదారు సగం మెట్లు దిగి, బయట ఎవరిదో దిక్కులేని సంచి ఉంది, పోలీసులు వచ్చారు, చెప్పేదాకా ఎవరూ పైకి రావద్దు అన్నాడు. లోపలున్న జనమంతా గోడలకు అతుక్కుపోయారు. నాకు మాత్రం ఉత్సాహం వచ్చింది, నా డ్యూటీ కదా.

"ఎవరూ కంగారు పడకండి, నేను సేఫ్టీ మనిషిని," అని గొంతు పెంచాను. "జనం తిరిగే చోట సంచి వదిలేసి పోయే బుద్ధిహీనులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అలాంటివాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించాలి."

"ఎలాంటి సంచో అడిగారా?" అంది గ్రేస్ నెమ్మదిగా.

అడిగాను. పచ్చ సంచి అన్నాడు కాపలాదారు. దాని మీద వరి కంకి బొమ్మ ఉందట.

పదమూడు మంది నా వంక చూశారు. ఆ గదిలో వేల ఏళ్ళుగా ఉన్న రాతి పెట్టె ఒకటి ఖాళీగానే ఉందని చెప్పాను కదా. మూత వేసేవాళ్ళు దొరికితే అప్పుడే అందులో పడుకునేవాణ్ణి.

అరగంటకు మమ్మల్ని పైకి రానిచ్చారు. సంచి లేదు. దాన్ని కింద చెక్‌పోస్టుకు మోసుకుపోయారట, ఎవరిదైతే వాళ్ళు వచ్చి చెప్పి తీసుకోవాలట. మిట్టమధ్యాహ్నం. నేల పెనంలా ఉంది. మా వాళ్ళందరినీ గుమ్మం నీడలో కూర్చోబెట్టి, సేఫ్టీ సూపర్‌వైజర్‌నైన నేను ఉత్తికాళ్ళతో ఆ కంకర మీద పరుగు తీశాను. పరుగంటే మీరు ఇంకేదో అనుకోకండి, ప్రతి అడుక్కీ ఎగిరాను.

అక్కడ ఆఫీసరు బల్ల మీద చెప్పులన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. "ఎందుకు విప్పారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"మర్యాద కోసం," అన్నాను.

ఆయన మొహం వెలిగింది. "మా రాజుకు ఇంత మర్యాద చేసినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు," అని చెయ్యి కలిపి సంచి ఇచ్చాడు. అంత కాలిన కాళ్ళతోనూ నేను ఆ పొగడ్తకు పొంగిపోయాను చూడండి, అదీ నా తెలివి.

మస్కట్ తిరిగొచ్చేసరికి రెండు పాదాలకూ గుడ్డ కట్లు. చెప్పుల్లో కాలు దూర్చి ఆదివారం డ్యూటీకి వెళ్తే గేటు దగ్గర కాపలా ఉండే జగిత్యాల రాజయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, షూ లేకుంట లోపటికి పంపొద్దని రాసున్నది."

"అది రాసింది నేనేనయ్యా."

"గందుకే సార్. మీ సంతకం జూసే ఆపుతున్న."

ఆ వారమంతా ఇంట్లోనే ఉన్నాను. రోజూ డ్యూటీ దిగి సువార్తమ్మ సిస్టర్ స్వయంగా వచ్చి కట్లు మార్చేవారు. ఒక్క మాట తిట్టలేదు. ఇంకేం, సెక్రటరీ పదవి ఖాయం అనుకున్నాను.

శుక్రవారం కుంటుకుంటూ మైకు దగ్గరికి వెళ్ళి యాత్ర సాక్ష్యం చెప్పాను. సంచి సంగతి దాటేశాను. మోషేలా అందరం చెప్పులు విప్పామన్నాను. ఆఫీసరు ఇచ్చిన కితాబు మాత్రం రెండుసార్లు చెప్పాను.

సిస్టర్ లేచారు. "ఒక్క సందేహం బాబూ. మోషే చెప్పులు విప్పింది ఎవరి ముందర?"

"దేవుని ముందరండి."

"మరి మనం?"

మైకు నా చేతిలోనే ఉంది, కాబట్టి నేను మింగిన గుటక కూడా హాలంతా వినబడింది. "ఫరో ముందరండి."

"మోషే అన్ని పాట్లు పడి జనాన్ని ఫరో చేతిలోంచి తప్పించుకొచ్చాడు. నువ్వు మమ్మల్ని టికెట్టు కొనిపించి మరీ వెనక్కి తీసుకెళ్ళి, ఆ ఫరో గుమ్మంలోనే చెప్పులు విప్పించి మర్యాద చేయించావు. మేమూ విప్పాంలే, మాకూ బుద్ధి లేదు."

పాస్టరుగారితో సహా హాలంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే దైవసహాయం ఒక కుర్చీ తెచ్చి నా వెనక వేశాడు. "కాళ్ళు నొప్పి పుడతాయి, కూర్చోండి బ్రదర్," అని మైకు నా చేతిలోంచి తీసుకున్నాడు. అది ఇవాళ్టికీ అతని దగ్గరే ఉంది.

నాకూ ఒక పని ఇచ్చారు. ఇంటి ప్రార్థన ఎక్కడ జరిగినా చెప్పుల సంచి పక్కన నేను కూర్చోవాలి, దాన్ని వదిలి కదలకూడదు. ఆ సంచి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: తెలియని సమాధికి పేరు పెట్టను, పేడపురుగును ఈగ అనను, బతికినన్నాళ్ళూ ఏ రాజు గుమ్మంలోనూ చెప్పులు విప్పను. విప్పితే ఒక్క సువార్తమ్మ సిస్టర్ గుమ్మంలోనే.