పెరిస్కోపులో చూసిన పండగ

పెరిస్కోపు చేయడం బ్రహ్మవిద్యేం కాదు. పొడవాటి గొట్టం, రెండు అద్దాలు ఉంటే చాలు. పై అద్దం ఎదుట ఉన్నదాన్ని అందుకుని కిందికి పంపుతుంది, కింది అద్దం దాన్ని మన కంటికి అందిస్తుంది. రెండూ నలభై ఐదు డిగ్రీల వాలులో ఎదురెదురుగా ఉండాలి. మొదటిసారి నేను కింది అద్దాన్ని వెనక్కి తిప్పి అతికించాను. కొండ తలకిందులుగా కనబడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అప్పట్లో నాకు ప్రతిదానికీ ఒళ్ళు మండేది.

డెబ్బయ్యో దశకం మొదట్లో, పెదబయలుకు పైన కొండవాలులో ఉన్న చిన్న ఊరికి నన్ను టీచరమ్మగా వేశారు. మాది విజయనగరం పక్క పల్లె. నాకు ఇరవై రెండేళ్ళు. బడీ, దాన్నానుకుని నా గదీ ఊరికి కాస్త ఎడంగా ఉండేవి. చుట్టూ నాకన్నా ఎత్తయిన మట్టిగోడ. పిల్లలు వెళ్ళిపోయాక పలకరించే దిక్కుండేది కాదు. మనిషి గొంతు వినబడితే చాలని ఎక్కాలు పైకి చదువుకున్న సాయంత్రాలున్నాయి.

సుద్దముక్కల అట్టపెట్టెలు గంజితో అతికి, సంతలో కొన్న అద్దాలు బిగించి ఆ గొట్టం చేశాను. జలాంతర్గామి నీళ్ళలో మునిగే ఉండి, ఇలాంటి గొట్టం ఒక్కటే పైకి పెట్టి ఓడల్ని చూస్తుందనీ, యుద్ధంలో సైనికులు కందకంలోంచి తల ఎత్తకుండానే శత్రువును కనిపెడతారనీ చెప్పాను. సముద్రం ఎరగని పిల్లలు. మూడో తరగతి గుంట ఒకతి, చూసేవాళ్ళని మరి ఎవరూ చూడరా అని అడిగింది. అదే దాని గొప్ప అన్నాను.

రెండో ఏడు చలికాలంలో ఆ గుంటే వచ్చి, మర్నాటి నుంచి మూడు రోజులు అమ్మవారి పండగనీ, బడి ఉండదనీ, బయటివాళ్ళు రాకుండా దారికి తాడు కడతారనీ చెప్పింది. మొదటి ఏడు ఆ రోజులకి సెలవు మీద మా ఊరెళ్ళాను, నాకేం తెలియదు. బయటివాళ్ళంటే నేనే కదా అనుకున్నాను. మా వైపు బొట్టు పెట్టి పిలవందే పక్కింటి పేరంటానికైనా వెళ్ళం. నన్నెవరూ పిలవలేదు. ఉక్రోషంతో గేటు వేసుకుని కూర్చున్నాను.

కూర్చున్నానే గానీ, డప్పులు మోగుతుంటే ప్రాణం ఒకచోట నిలవలేదు. గోడెక్కి చూస్తే పిలుపు కోసం కాచుకున్నట్టుంటుంది. గొట్టానికి మరో రెండు పెట్టెలు అతికి గోడ మీదుగా పైకి పెట్టాను. గొట్టం పొడుగైనకొద్దీ కనబడేది కుంచించుకుపోతుంది. అరచేతంత ఊరు కనబడింది. పొగ, బంతిలో కూర్చున్న కొందరు, వాళ్ళ ముందు ఆకులు. మూడు మధ్యాహ్నాలూ ఆ గుంట నాయనమ్మ వడ్డన ఆపి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తూ నిలబడింది. నేను వస్తానేమోనని కాపలా కాస్తోందనుకున్నాను. ఏడుపొచ్చింది. మూడో రోజు, ఈ ఊళ్ళో ఉండలేననీ బదిలీ చేయమనీ అర్జీ రాశాను.

నాలుగో రోజు తెల్లవారుతూనే మంచులో పడి అడ్డదారిన పెదబయలు వెళ్ళి అర్జీ పోస్టు చేశాను. తిరిగొచ్చేసరికి మంచు విడిపోయింది. బడికి ఇంకా చాలా కిందన, మలుపులో, ఆ ముసలావిడ గుంజకున్న తాడు విప్పుతోంది. తాడు బడికీ ఊరికీ మధ్య కాకుండా ఇక్కడ కట్టారేమిటని అడిగాను.

"మరెక్కడ కడతాం? నువ్వు లోపలి మడిసివే కదా. మూడు దినాలూ నీకోసం సూసి సూసి తిన్నాం. ఏటి, రానేదు?"

పిలవలేదుగా అన్నాను. మా వైపు బొట్టు సంగతి కూడా చెప్పాను. ఆవిడ వింతగా చూసింది.

"తాడు లోపలున్నోల్ని పిలవకూడదమ్మా. పిలిస్తే బయటోల్ని సేసినట్టే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే, బదిలీ వద్దని ఇంకో ఉత్తరం రాయొచ్చు. నిలకడ లేని మనిషినని ఆఫీసులో అనుకుంటారని రాయలేదు. నా అభిమానం నా కొంప ముంచింది. పిల్లలకు పాఠాలు చెబుతూ, ఉత్తర్వు ఎక్కడో పోయుండాలని రోజూ మొక్కుకున్నాను. రెండు నెలలకు వచ్చింది.

బస్సు దాకా ఊరంతా దిగి వచ్చింది. ముసలావిడ కొంగు ముడిలోంచి కుంకం తీసి నా నుదుట బొట్టు పెట్టింది.

"వచ్చే ఏడు పండక్కి రా, టీచరమ్మా. పిలుస్తన్నాను."

రెండేళ్ళలో ఆ ఊరు నన్ను పిలవడం అదే మొదటిసారి.