కళ్ళ ఫోటోలు తీసే మేడం

మొయినాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. కళ్ళ ఫోటోలు తీసే మేడం పొద్దున్నే గుండె ఆగి పోయిందట. చేతిలో చాట అట్లాగే పట్టుకొని కూర్చుండిపోయాను. ఆమెకు నా వయసులో సగం కూడా లేదు.

మా ఆలూరులో చదువుకున్న పిల్లలంతా కంప్యూటర్ కొలువులని పట్నం పోతున్న రోజుల్లో, ఆమె కంప్యూటర్ తీసుకొని చేవెళ్ళ దవాఖానకు వచ్చింది. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు ఉన్నవాళ్ళ కళ్ళను ఆరు నెలలకోసారి ఫోటో తీస్తారట. కంటి లోపలి నరం ఎంత తొందరగా చెడుతుందో ఏళ్ళ తరబడి చూసి తెలుసుకుంటారట. నాకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది ఆ ఫోటో మిషన్ వెలుగుకు పోతే? ఫోటోలకు ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టడానికి పోయి మూడుసార్లు వెనక్కి వచ్చాను.

"బలవంతం లేదవ్వా. ఇష్టం లేకుంటే సంతకం పెట్టకు, మందు మాత్రం ఇస్తం," అంది. ఆ మాటకే పెట్టాను.

మిషన్ మీద గడ్డం ఆనించి ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. "ఊపిరి బిగబట్టకవ్వా, ఫోటో కంటికి, ముక్కుకు కాదు," అనేది.

ఆమెకు తెలియకుండా నేనొక పని చేశాను. చుక్కల మందు వేస్తే మంట. కన్ను కాలిపోతున్నదేమోనని నాకు బుగులు. అందుకే మానేసి, ఫోటోకు ముందు రెండు రోజులు మాత్రం వేసుకునేదాన్ని, చుట్టాలొస్తున్నారంటే వాకిలి ఊడ్చినట్టు. కంట్లో ఒత్తిడి బాగానే ఉందనేవాళ్ళు. బతికిపోయాననుకునేదాన్ని.

మూడోసారి ఆమె పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చూసి, లేచి తలుపు దగ్గరికి వేసింది.

"అవ్వా, మందు దినాం ఏస్తున్నవా?"

"ఏస్తున్న బిడ్డా."

"ఒత్తిడి మంచిగనే ఉన్నది. నరం పలచబడ్డది. నరం అబద్ధం చెప్పదు."

ఏడుస్తూ చెప్పేశాను. తిట్టలేదు. "మంటైతే మంటని చెప్పాలె గదా! పోయిన చూపు తేలేం. ఉన్నది కాపాడుదం," అని డాక్టరుకు చెప్పి మందు మార్పించింది. నా కాగితం మీద మాత్రం ఉన్నదున్నట్టు రాసింది. "నీకు సిగ్గైనా రాయాలె అవ్వా. లేకుంటే మందే పని చేయలేదనుకుంటం."

ఆనాటి నుంచి ఒక్క పూట మానలేదు. ఇక ఆ మిషన్ ముందు ఎవరు కూర్చుంటారో, నా నరం ఎవరు చూస్తారో.

షేర్ ఆటోలో మొయినాబాద్, మేడం ఇంటికి పోయాను. గొట్టంలోంచి చూసినట్టు, ఎదురుగా ఉన్న కాస్త మేరే కనిపిస్తుంది నాకు. ఆమె పాదాల దగ్గర నిలబడి, తల కొంచెం కొంచెం తిప్పుతూ చూస్తున్నాను. పసుపు రాసిన పాదాలు. బంతిపూలు. మడిచిన చేతులు. వెనక జనం తోస్తున్నారు.

"జర జరుగవ్వా, చూసినవు గదా," అన్నారెవరో.

"ఆగు బిడ్డా," అన్నాను. "ముఖం దాక ఇంక రాలే."