పల్లికాయలో పట్టేంత మాట

నిన్న ఒమాన్‌లో, మా ఇబ్రి సైట్ ఆఫీసులో ఎవరో పల్లికాయలు ఒలుస్తుంటే ఆ చిటపట విని నాకు నవ్వాగలేదు. పక్కనున్న కొత్త ఇంజనీరు నా వంక అనుమానంగా చూశాడు. ఏం చెప్పను? నాకు మాట్లాడటం నేర్పింది పల్లికాయేనంటే నమ్ముతాడా? నేర్పిన మనిషి మా టైంకీపర్ సత్యంగారు, కోనసీమవారు.

జగిత్యాల నుంచి వచ్చిన కొత్తలో నేను ఏ సంగతైనా మా తాత కాలం నుంచి మొదలుపెట్టేవాణ్ణి. గ్లౌజులు చినిగాయని చెప్పాలంటే అవి ఎవరి చేతుల మీదుగా నా చేతికొచ్చాయో చెప్పొద్దూ మరి! సత్యంగారు హాజరు పుస్తకం మూసి, జేబులోంచి ఒక పల్లికాయ తీసి నా చేతిలో పెట్టేవారు.

"ఇంగ్లీషువాళ్లు 'ఇన్ ఎ నట్‌షెల్' అంటారు లింగయ్యా. చెప్పాల్సిందంతా ఈ తొక్కలో పట్టాలన్నమాట. పట్టకపోతే రేపు రావయ్యా బాబూ."

ఆ యేడు ఊళ్లో నా భార్యకు నెలలు నిండవచ్చాయి. మొదటి కాన్పు, బీపీ ఎక్కువుందని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఎలాగైనా సెలవు కావాలి. మా మేనేజరు సెలవుల సంగతి గురువారమే వింటాడు, మనిషికి రెండు నిమిషాలు. నేను రూమ్‌లో వారం రోజులు సాధన చేసి, ఒక్కో మాటా కోసి పారేసి, పల్లికాయ పిడికిట్లో బిగించి వెళ్లాను. "సార్, ఘర్ జానా హై" అన్నాను, ఇంటికి పోవాలని. అంతే! శభాష్ అంటాడేమోనని నిలబడ్డాను. ముందు వారమే ఇద్దరు సరిగ్గా ఆ మాటే చెప్పి పని మానేసి పోయారు. మేనేజరు తలెత్తకుండానే నా వీసా క్యాన్సిల్ చేసే కాగితం తయారు చేయమని గుమాస్తాకు చెప్పాడు.

బయటికొచ్చి చెబితే సత్యంగారు నెత్తి కొట్టుకున్నారు. "ఓరి నీ దుంపతెగ! తొక్కలో పట్టాలన్నాను గానీ లోపల గింజ వద్దన్నానా? ఎందుకెళ్తున్నావు, ఎన్నాళ్లకెళ్తున్నావు, తిరిగొస్తావా లేదా? అవే కదయ్యా గింజలు!"

"మీరే గదా సారూ తక్కువ మాట్లాడుమన్నరు" అన్నాను ఏడుపు గొంతుతో.

ఆయన నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లారు. భార్య కాన్పు, నెల రోజుల సెలవు, తిరిగొస్తాడు అని హిందీలో మూడు ముక్కల్లో చెప్పేశారు. మేనేజరు అప్పుడు తలెత్తి, నన్ను ఎగాదిగా చూసి, ఆ కాగితం చింపేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

బిడ్డ పుట్టగానే ఆసుపత్రి వరండాలోంచి ఆయనకే ఫోన్ చేశాను. పాఠం మరిచిపోలేదు. "ఆడపిల్ల సారూ. తల్లీబిడ్డా మంచిగున్నరు. సెలవు అయిపోంగనే వస్త."

చెప్పిన సంగతులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఈసారి ఏ గింజ మరిచిపోయానా అని కంగారుపడ్డాను.

"అంతేనా?" అన్నారు. "డ్యూటీ సంగతిలా చెప్తావేంటయ్యా! ఎవరి పోలిక? జుట్టెంతుంది? ఎలా ఏడ్చింది? ఇవాళ తొక్కలో వద్దు లింగయ్యా, బస్తాలకొద్దీ చెప్పు."

సత్యంగారు ఊరెళ్లిపోయి చాలా కాలమైంది. మేనేజరు ముందు నేనిప్పటికీ మూడు ముక్కలే మాట్లాడతాను. శుక్రవారం వీడియో కాల్‌లో మాత్రం నా బిడ్డ "నాయినా, నేను పుట్టిన ముచ్చట మళ్ల చెప్పవా" అంటుంది. మా తాత కాలం నుంచే మొదలుపెడతాను.