మూడు విజిళ్ల పెరుగు కేకు

నేను చేసిన పెరుగు కేకు ఎంత తేలికంటే, ముక్క కోసి పళ్ళెంలో పెట్టగానే ఫ్యాన్ గాలికి లేచి, హాలు దాటి వీధి వరండాలో పడింది. ఈ మాట రాజమండ్రిలో పదిమందికైనా చెప్పుంటాను. నమ్మినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ ఊరికి కొత్త.

ఆ కేకు మా వదినగారి కోసం. మా ఆవిడకి అక్క, ఉండేది కోనసీమలో. డెబ్బై ఏళ్ళు వస్తున్నా ఆవిడకి కేకు రుచి తెలియదు. గుడ్డు పడిందేమోనని ప్రతి పుట్టినరోజుకీ పళ్ళెం పక్కకి జరిపేసేవారు. జరిపేసి, తినేవాళ్ళ వంక చూస్తూ కూర్చునేవారు. ఈసారి తన పుట్టినరోజుకి తినిపించి తీరతానని ఫోన్లో మాటిచ్చేశాను. గుడ్డు వెయ్యలేదని పూచీ ఎవరని అడిగారు. నేనున్నాగా అన్నాను. సరే, వచ్చి చూస్తానన్నారు. నా నోటి సంగతి ఆవిడకి నలభై ఏళ్ళుగా తెలుసు.

మాకు ఓవెన్ లేదు. కుక్కర్లో ఇసుక పోసి చెయ్యొచ్చని ఫోన్లో వీడియో చూశాను. వీధి చివర ఇల్లు కడుతున్నచోట నాలుగు దోసిళ్ళ ఇసుక అడిగి తెచ్చి, శుభ్రంగా కడిగాను. ఆరబెట్టే ఓపికెక్కడిది? పెరుగులో పంచదార కరిగించి సోడా వేసేసరికి గిన్నె నిండా నురుగు పొంగింది. నాకు కాలు ఒకచోట నిలవలేదు. మైదా, నూనె కలిపి, గిన్నె కుక్కర్లో దించి, మూతా విజిలూ పెట్టేసి, వదినగారిని తీసుకురావడానికి ఆటోలో బస్టాండుకి పరిగెత్తాను. విజిల్ తీసెయ్యాలని వీడియోలో చెప్పారట. నేను అక్కడిదాకా చూడలేదు.

తడి ఇసుక ఊరుకుంటుందా? కుక్కర్ కూసింది. దేవుడి గదిలో ఉన్న మా ఆవిడ లెక్కపెట్టుకుంది. మూడో కూతకి, రోజూ పప్పుకి చేసినట్టే, లేచి వచ్చి స్టవ్ కట్టేసింది.

మేమొచ్చి మూత తీస్తే లోపల కేకు లేదు. జావ ఉంది. వదినగారు తొంగిచూసి నవ్వలేదు. "మళ్ళీ చెయ్యండి మరిదిగారూ. ఈసారి నా ఎదురుగా చెయ్యండి" అని వంటింట్లో పీట వాల్చుకుని కూర్చున్నారు.

అదండీ నాకు కలిసొచ్చింది. నా మాట నమ్మక్కర్లేదు, ఆవిడ కళ్ళే చూస్తాయి. రాత్రికని ఉంచిన పెరుగు తీశాం. ఇసుక మూకుడులో వేయించి ఆరబెట్టాం. ప్రతి డబ్బా మూత తీసి వదినగారు వాసన చూశారు. నేను కవ్వం పట్టి, చెయ్యి పీకేదాకా పెరుగు గిలకొట్టాను. ఈసారి విజిలూ రబ్బరూ తీసేసి, మంట తగ్గించి, ముగ్గురం అక్కడే కూర్చున్నాం. పిండిలో కలిపిన యాలకుల వాసన ఇల్లంతా పట్టింది. ముప్పావుగంటకి కొబ్బరి ఈనె గుచ్చితే పొడిగా వచ్చింది.

మొదటి ముక్కని వదినగారు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నోట్లో పెట్టుకున్నారు.

"ఇన్నాళ్ళూ మీరంతా తిన్నది ఇదా" అని, గిన్నె తనవైపు లాక్కున్నారు.

ఇక ఉన్నమాట. గాలికి ఎగిరింది కేకు కాదండి, గిన్నె అడుగున వేసిన బటర్ పేపరు. అదీ వరండా దాకా పోలేదు, సోఫా కింద దూరింది. మిగతాదంతా అక్షరాలా నిజం.

ఇది రాసి, ఫోన్లో వదినగారికి చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"కవ్వం పట్టింది నేను. మీరు పట్టుకున్నది గిన్నె. అదీ కదలకుండా పట్టుకోలేదు."