నేను ఒక్క స్టార్ వేసిన మెస్సుకి వెళ్లాను

కర్నూలు బస్టాండులో ఉదయం ఏడుంబావుకు కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఈ దారిన వెళ్లే ఆడవాళ్లకు ఒక మాట: ఆధార్ కార్డు చేతిలో పెట్టుకోండి, మనకు టికెట్ సున్నా. కిటికీ సీటు కావాలంటే పావుగంట ముందే చేరుకోవాలి. నేను మాత్రం ఆ రోజు ఎక్కడ కూర్చున్నానో పట్టించుకునే స్థితిలో లేను.

ఎందుకు బయలుదేరానో చెప్పాలి. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా మార్కులు వేసిన చెయ్యి నాది. రిటైరయ్యాక ఊరుకోలేక, తిన్న ప్రతి హోటలుకూ ఫోన్లో స్టార్లు వేయడం మొదలుపెట్టింది. సాంబారు నీళ్లగా ఉంటే రెండు, సర్వర్ విసుక్కుంటే ఒకటి. మూడు నెలల కిందట కడప నుంచి వస్తూ మైదుకూరులో కోడికూర తిన్నాను. నీచు వాసన. బస్సు కదులుతుంటే ‘భోజనం ఎలా ఉంది?’ అని ఫోనే అడిగింది. ‘కోడికూర ఒకటే కంపు. ఈ వంటింటి ఛాయలకు కూడా పోకండి’ అని రాసి ఒక్క స్టార్ వేశాను. మా ఆయన చదివి, బాగా వాయించావులే అని నవ్వాడు.

పోయిన ఆదివారం ఏదో వెతుకుతుంటే, నా రాత కింద జవాబు కనిపించింది. పెట్టి పది రోజులైంది. ‘మేడమ్, మాది శాకాహార మెస్. పన్నెండేళ్లలో గుడ్డు కూడా ఉడకబెట్టలేదు. దయచేసి ఒకసారి వచ్చి మా పొయ్యి చూసి పొండి.’

ఫోన్ అడిగింది నేను తిన్న హోటల్ గురించి కాదు, దాని పక్కనున్న మెస్ గురించి. ఒక పిల్ల పేపరు దిద్ది ఇంకో పిల్లను ఫెయిల్ చేసినట్టయింది. పేరు చూడాలన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు. ఆ తర్వాత రెండు రోజులూ అన్నం సహించలేదు.

తొమ్మిదింటికి నంద్యాలలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఇడ్లీ తిన్నాను, రుచి తెలియలేదు. ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటి మైదుకూరులో దిగేసరికి పదకొండున్నర.

మెస్ బస్టాండు నుంచి ఐదు నిమిషాల నడక. ఎనిమిది బల్లలున్నాయి, తినే మనిషి ఒక్కరూ లేరు. యజమాని ఓబులమ్మ, యాభై దాటిన మనిషి, కూర్చుని విస్తరాకులు తుడుస్తోంది. ఆ రాసింది నేనేనని చెప్పాను.

“మీరేనామ్మా,” అంది. తిడుతుందనుకున్నాను. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. “మూతలు తీసి చూడండి.” పప్పు, వంకాయ కూర, చారు. ఉల్లిపాయ తొక్క కూడా కనిపించలేదు.

అక్కడే నిలబడి నా రాత తీసేశాను. పోయిందమ్మా అన్నాను.

“యాడ పోయింది? దాన్ని ఫోటో తీసి స్వాముల గ్రూపులో పెట్టినారు. మాల ఏసుకున్నోళ్లు నలభై మంది, దీక్ష అయిపోయేదాకా దినామూ ఈడనే తినేటోళ్లు. పదైదు దినాలాయ, ఒక్కరూ రాలేదు. కోడి వండిన గిన్నెల్లో మాకు పెడతాండాదని ఊరంతా చెప్పుకుంటాండారు.”

కూర బాగాలేదని రాశాననుకున్నాను, ఒక మనిషి నియమం తప్పిందని రాశాను.

“గురుస్వామి కాడికి పోదాం రండి. మీ నోటితో చెప్పండి,” అంది ఓబులమ్మ.

గురుస్వామిది రెండు వీధుల అవతల సిమెంటు కొట్టు. నల్ల పంచెలో కుర్చీలో ఉన్నాడు, చుట్టూ మరో నలుగురు స్వాములు. వందల మంది పిల్లల ముందు నిలబడినదాన్ని, అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డాను. “తిన్నది పక్క హోటల్లో స్వామీ. పేరు చూసుకోకుండా ఈమె మెస్ మీద రాశాను. అందులో నేను అడుగుపెట్టిందే ఈ రోజు,” అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. “శానా తప్పు జరిగిపాయ. రేపట్నుంచి అందరమూ నీ కాడికే వస్తాం ఓబులమ్మా.”

హమ్మయ్య అనుకున్నాను. ఓబులమ్మ మాత్రం కదల్లేదు.

“తొమ్మిదేండ్లు నా చేతి కూడు తింటివి సామీ. ఎవరో కర్నూల్లో కూచోని రాస్తే నమ్మితివి. నేను రెండు వీధులవతలే ఉండా. వచ్చి ఒక్క మాట అడగలేకపోతివా?” ఆమె గొంతు పెంచలేదు. “నా పేరు నాకు వచ్చింది, సాలు. మీరు వేరే తావు చూసుకోండి.”

చెప్పి వెనుదిరిగింది, నేనూ వెనకే నడిచాను. దారిలో ఉండబట్టలేక, వస్తామన్నారు కదమ్మా, ఎందుకు వద్దన్నావని అడిగాను.

“రేపు ఇంకెవరన్నా రాస్తారు. మళ్లా పోతారు,” అంది. మెస్ గుమ్మం దగ్గర, “నువ్వు తప్పు చేసినా ఇంత దూరం వచ్చినావు. దా, తినిపో.”

అంత కమ్మటి పప్పు ఈ మధ్య ఎక్కడా తినలేదు. కళ్లు తుడుచుకుంటూనే రెండోసారి పెట్టించుకున్నాను. భోజనం వంద రూపాయలు. ఇచ్చాను, తీసుకుంది.

మూడింటికి కర్నూలు బస్సు దొరికింది. పక్క సీటులో ఆళ్లగడ్డలో దిగే నర్సు. చాగలమర్రి చేరకముందే మాటల్లో పడ్డాం. “మధ్యాహ్నం యాడ తిన్నావక్కా?” అని అడిగింది. మెస్ పేరు చెప్పి, ఆ పప్పును నోరారా పొగిడాను.

ఆమె మొహం చిట్లించింది. “ఆడనా? కోడి వండిన గిన్నెల్లోనే వండుతారంట గదక్కా. మా అన్న మాల ఏసుకున్నాడులే, వాళ్ల గ్రూపులో వచ్చింది.” ఫోన్ తీసి వెతికి నా ముందు పెట్టింది.

నా పేరు, నా ఒక్క స్టార్, నా మాటలు. నేను తీసేసి మూడు గంటలు దాటింది.

“ఇది రాసింది నేనేనమ్మా,” అన్నాను. ఆధార్ కార్డు తీసి పేరు చూపించాను. జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. ఆళ్లగడ్డ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఆమె ఊ కొడుతూ వింది.

బస్సు ఆగాక సంచి తీసుకుని లేచింది.

“నువ్వు చెప్పేది నిజమే అయింటాదిలే అక్కా. అయినా నోటిమాట ఎవరు నమ్ముతారు? అదేదో ఫోన్లో రాసి పెట్టు, అప్పుడు నమ్ముతాం,” అని దిగిపోయింది.