శ్రీపతి బావ తేల్చిన నక్షత్రాల వయసు

మా శ్రీపతి బావ మిర్యాలగూడలో రైసుమిల్లు పెట్టినవాడు, సూర్యాపేటలో బడికి గేటు కట్టించినవాడు, గింజ రంగు చూసి బియ్యం వయసు చెప్పగలవాడు. మా చుట్టాల్లో ఇన్ని ఘనతలు ఆయన ఒక్కనికే, నా తర్వాత. అందుకే 1997లో ఆ బడి సైన్సు ప్రదర్శనకు ఆయన్నే జడ్జిగా పిలిచిన్రు.

చివ్వెంల దిక్కు తండా పిల్ల నీలా, పేపర్లో వచ్చిన అంతరిక్ష టెలిస్కోపు ఫొటో చూసి గుడ్డు ఆకారపు గెలాక్సీ బొమ్మ గీసింది. దాని చుట్టూ నక్షత్రాల గుంపులు, కొన్ని నీలం, కొన్ని ఎరుపు. మొదటి బహుమతి వస్తేనే ఆమె హైదరాబాదు పోటీకి పోతది.

"ఎర్రవి పాతవి, నీలివి కొత్తవి. అంతేనా బిడ్డా?" అన్నడు బావ.

"కాదు సేటు. వయసు మీదపడ్డా గుంపు ఎర్రబడతది, దాని నక్షత్రాల్ల ఇనుము అసొంటివి ఎక్కువున్నా ఎర్రగనే కనబడతది. ఉత్త రంగు చూసి వయసు చెప్పలేం."

"రంగు సంగతి నాకే చెప్తున్నవా? ఇగ నీకు బహుమతి కష్టమే."

"మరి మీ మిల్లు ఉప్పుడు బియ్యం కొత్తవే అయినా వడ్లు ఉడకబెట్టినందుకు పసుపుగుంటయి గద. అవి పాతవా సేటు?"

ముందు వరుసలో ఆ బియ్యం కొననీకి వచ్చిన కోదాడ వ్యాపారులు కూర్చున్నరు. వాళ్లకు కొత్త పంటదే కావాలె, పాత సరుకని తేలితే బేరం ఖతం.

"చెప్పండి సేటుగారూ," అని ఒకాయన నవ్విండు.

బావ మైకు అందుకున్నడు. "రంగు చూసి వయసు చెప్పేటోడు ఉత్త మూర్ఖుడు! మొదటి బహుమతి నీలాకే."

నీలా హైదరాబాదు పోయింది. ఆ శాస్త్రం ఆమెకు తనే నేర్పినట్టు బావ ఇప్పటికీ చెప్తడు. నేను కాదనను. ఆ మిల్లులో నాకూ సగం వాటా ఉన్నది.